రెండు ఇంజనుల పడవలో విద్యుత్తు దోషములు: వానిని కనిపెట్టు విధము

గోదావరి లంకలలో సేద్యము చేయు మన సభ్యులకు పడవ యనునది బండివంటిదే. అరటిగెలలు, కూరగాయలు, ఎరువుల బస్తాలు, పశువుల మేత, బడికిఁ బోవు పిల్లలు, అన్నియు దానిమీదనే యేరు దాటవలెను. నరసాపురము, సఖినేటిపల్లి రేవుల నడుమ పంటు తిరుగుట చూచినవారికి ఈ సంగతి వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. వేసవిలో ఇంజను ఆగినచో గడవేసికొని గట్టు చేరవచ్చును. వరదలో నట్లు కాదు. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చిన వరదలను చూచినవారు మనలోఁ బెక్కుమంది కలరు. 2022లో ధవళేశ్వరము వద్ద సెకనుకు 25 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు సముద్రమునకుఁ బోయినది. అట్టి నీటిలో గడ అడుగు నందదు, తెడ్డు పనికిరాదు. ఇల్లు మునిగిన కుటుంబమును ఎక్కించుకొని వచ్చు పడవ నడియేట నిలిచిపోవుట యెట్టిదో వ్రాయ నవసరము లేదు.

ఇందుచేతనే స్తోమతు గలవారు రెండు ఇంజనుల పడవను కోరుదురు. ఒకటి ఆగినను రెండవది గట్టు చేర్చును గదా యని వారి ధైర్యము. ధైర్యము సహేతుకమే, కాని సంపూర్ణముగాఁ గాదు. ఇంజనులు వేఱువేఱైనను వాని విద్యుత్తు ఏర్పాటు తఱచుగా ఒకదానితో నొకటి ముడిపడి యుండును. ఆ ముడిలో దోషమున్నచో రెండును ఒక్కనాఁడే మొరాయించును. పాత పద్ధతి డీజిలు ఇంజను ఒకసారి తిరుగ నారంభించిన పిమ్మట విద్యుత్తు లేకయే నడచునన్నమాట నిజమే. అయినను దీపము, హారను, పడవ యడుగున ఊరు నీటిని తోడు పంపు అట్లు నడువవు. ఇటీవలి ఇంజనులు, పెట్రోలు మోటారులు అయితే బ్యాటరీ చచ్చినతోడనే తామును నిలిచిపోవచ్చును.

మొదట ఏర్పాటును తెలిసికొందము. ప్రతి ఇంజనుకును మూఁడు వస్తువులుండును: ఇంజనును త్రిప్పి లేపు సెల్ఫు మోటారు, దానికి బలమిచ్చు బ్యాటరీ, ఇంజను తిరుగునప్పుడు ఆ బ్యాటరీని మరల నింపు ఆల్టర్నేటరు. ఇవిగాక దీపములకు, పంపునకు వేఱొక బ్యాటరీ యుండుట మంచిది. ఫారడే పండితుఁడు 1831లో కనుగొన్న సూత్రమే ఆల్టర్నేటరునకు మూలము. ప్రాన్సు దేశస్థుఁడగు ప్లాంటే 1859లో చేసిన సీసపు బ్యాటరీయే మన బ్యాటరీకి మూలపురుషుఁడు. వస్తువులు క్రొత్తవిగాఁ గనఁబడును గాని లోని ధర్మములు పాతవే.

ఆ ధర్మములు కాలువ క్రింద వ్యవసాయము చేయు రైతునకుఁ దెలియనివి కావు. వోల్టు అనఁగా తూము వద్ద నీటిమట్టమువంటిది. ఆంపియరు అనఁగా బోదెలోఁ బాఱు నీటి పరిమాణము. బోదెలోని పూడిక, తూటికాడ, గుఱ్ఱపుడెక్క యెట్లు నీటి నడ్డగించునో, తుప్పుపట్టిన కొన, వదులైన బోల్టు, సన్నని తీగ అట్లే విద్యుత్తు నడ్డగించును. దానిని ఓములలోఁ గొలుతురు. పూడిక యున్న బోదెలో నీరు సన్నగాఁ బాఱునంతవఱకు శివారు పొలమునందును మట్టము సరిగనే యుండును. అందఱు నొక్కసారి తూములెత్తి నీరు లాగిననాఁడే శివారువాని చేను ఎండును. విద్యుత్తు విషయమునను ఇదియే జరుగును.

ఒక లెక్క చెప్పెదము. సెల్ఫు మోటారు 200 ఆంపియర్లు లాగుననుకొనుఁడు. దారిలో ఒక మురికి పట్టిన బోల్టు వద్ద ఓములో నూఱవవంతు అడ్డు ఉన్నది. 200ను నూఱవవంతుతో గుణింపఁగా 2 వోల్టులు అచ్చటనే నష్టమగును. పండ్రెండింట రెండు పోయినచో సెల్ఫు మూలుగును గాని త్రిప్పదు. అదే దారిని 2 ఆంపియర్లు లాగు దీపము పెట్టిన నష్టము వోల్టులో ఏఁబదవవంతు మాత్రమే. దీపము చక్కగా వెలుగును. కావున ‘దీపము వెలుగుచున్నది, కనుక బ్యాటరీయు తీగలును బాగున్నవి’ అను వాదము చెల్లదు. ఈ యొక్క పొరపాటుచేత ఎంత సొమ్ము వృథాగాఁ బోయినదో మేము గ్రామములు తిరుగునప్పుడు చూచియున్నాము.

రెండు ఇంజనులు గలవానికి పరీక్షయందు గొప్ప సదుపాయ మొకటి కలదు. ఒంటి ఇంజనువానికి తన అంకె మంచిదో చెడ్డదో తెలియుటకు పుస్తకము కావలెను. మనకు ప్రక్కనే దాని కవల యున్నది. కుడిదానిని కొలిచి, అదే చోట ఎడమదానిని కొలిచినచో భేదము తనంతట తానే చెప్పును. ఇంకను సందేహమున్నచో, రెండును ఒకే రకమైనవైన యెడల, కుడి ఆల్టర్నేటరును ఎడమకును, ఎడమదానిని కుడికిని మార్చి బిగింపుఁడు. దోషము దానితోఁ గూడ ప్రక్కకుఁ బోయినచో దోషము వస్తువులోనిది. ఉన్నచోటనే యున్నచో అది తీగలోనో, బెల్టులోనో, స్విచ్చిలోనో కలదు. ఒకమాటు ఒకదానినే మార్చవలెను. నాలుగు వస్తువు లొక్కసారి మార్చిన మెకానికునకు పడవ బాగైనను ఎందుచేత బాగైనదో తెలియదు, మనకును తెలియదు.

కావలసిన పరికరము మల్టీమీటరు ఒక్కటే. నీళ్లు పోయు బ్యాటరీ యైనచో హైడ్రోమీటరు కూడ నుండవలెను. ఈ రెంటి వెల క్రొత్త బ్యాటరీ వెలతోఁ బోల్చినచో స్వల్పము. సంఘము ఒక జతను కొని కార్యదర్శి వద్ద నుంచినచో చాలును.

బ్యాటరీతో మొదలుపెట్టుఁడు. ఇంజను నిలిపిన కొన్ని గంటలకు, తెల్లవాఱుజామున నైన మఱియు మంచిది, దీపములన్నియు ఆర్పి కొలువవలెను. వెంటనే కొలిచినచో పైపై నిండుదనము మనలను మోసగించును. పండ్రెండు వోల్టుల బ్యాటరీ 12.6గాని 12.7గాని చూపిన నిండుగా నున్నది, 12.2 చూపిన సగము. 12కు దిగువ నున్నచో దాదాపు ఖాళీ యనియే యెంచవలెను. ఇఱువదినాలుగు వోల్టుల పడవకు ఈ అంకెలన్నియు రెట్టింపులు. పిదప ఆరు గదులను హైడ్రోమీటరుతోఁ జూడవలెను. ఐదు గదులు 1.250 చూపి ఆరవది 1.190 చూపినచో ఆ గది చెడినది. ఎంత నింపినను అది నిలువదు. అన్నియు సమముగాఁ దక్కువైనచో బ్యాటరీ దోషము కాదు, నింపుటలోని దోషము. ఈ భేదము తెలిసినవాఁడు ఊరక బ్యాటరీని కొనఁడు. తగ్గిన గదికి శుద్ధజలమే పోయవలెను. ఏటినీరు, బోరునీరు, ఇంకను తలఁపున యాసిడు పోయుట తగదు.

తరువాత సెల్ఫు నొక్కుచు బ్యాటరీ కొమ్ముల మీఁద మీటరు చూడుఁడు. 10 వోల్టులకు పైగా నిలిచినను సెల్ఫు నెమ్మదిగాఁ దిరిగిన యెడల బ్యాటరీ నిర్దోషి. బలము దారిలోఁ బోవుచున్నది, లేదా సెల్ఫు మోటారే చెడినది. 9.6కు దిగువకుఁ బడినచో బ్యాటరీనే మొదట సందేహింపవలెను. దారిని పరీక్షించుట కిదే సులభమార్గము: మీటరు ఒక కొనను బ్యాటరీ కొమ్మునకును, రెండవ కొనను సెల్ఫు మోటారు మీఁది బోల్టునకును ఆనించి సెల్ఫు నొక్కుఁడు. ఇది తీగ యొక్క రెండు కొనల నడుమ మట్టపు తేడాను చూపును. అర వోల్టుకు మించినచో ఆ దారిలో ఎచ్చటనో పూడిక కలదు. పాయింటు పాయింటుగా కొలుచుకొనుచుఁ బోయిన ఆ చోటు దొరకును.

ఇంక నింపుట. ఇంజను లేపి, వేగము కొంచెము పెంచి, బ్యాటరీ మీఁదనే కొలువుఁడు. 13.8 మొదలు 14.5 వఱకు చూపవలెను. ఇంజను నిలిపినప్పటి అంకెయే ఇప్పుడును ఉన్నచో ఆల్టర్నేటరు పని చేయుటలేదు. 15కు మించినచో దాని రెగ్యులేటరు చెడినది. బ్యాటరీ నీరు ఉడికి తగ్గుచు, మూఁతలచుట్టు తడి కనఁబడును. పని చేయని దానియందు మొదట చూడవలసినది లోపలి యంత్రము కాదు, బెల్టు. రెండు కప్పీల నడుమ బొటనవ్రేలితో నొక్కిన అర అంగుళము లోఁగవలెను. అంతకు మిక్కిలి వదులైనచో, చుట్టుప్రక్కల నల్లని పొడి రాలియున్నచో, బెల్టే జాఱుచున్నది. రెండవది సరంగు యెదుటనుండు ఎఱ్ఱ దీపము. తాళము త్రిప్పినతోడనే అది వెలిఁగి, ఇంజను లేచిన పిదప ఆఱవలెను. ఆఱకున్నచో అందఱు చూతురు. అసలే వెలుగకున్నచో ఎవ్వరు చూడరు. పెక్కు ఆల్టర్నేటర్లకు మొదటి చైతన్య మా దీపము గుండనే వచ్చును. ఆ చిన్న బల్బు మాడిపోయిన, వేల రూప్యముల ఆల్టర్నేటరు ఊరక తిరుగును. ఇంజను చుట్ల సంఖ్యను చూపు ముల్లు కొన్ని పడవలలో ఆల్టర్నేటరు నుండియే సంకేతము పొందును. ఇంజను చక్కగాఁ దిరుగుచుండఁగా ఆ ముల్లు సున్న వద్ద పడియున్నచో కారణము మీకుఁ దెలిసినట్లే.

ఇచ్చట రెండు ఇంజనుల పడవలకే ప్రత్యేకమైన వింత యొకటి చెప్పవలెను. రెండు ఆల్టర్నేటర్లును కలిసి ఒకే బ్యాటరీ వరుసను నింపుచున్నప్పుడు, ఒకటి 14.4కును, రెండవది 14.2కును అమర్పఁబడి యుండవచ్చును. బ్యాటరీ మట్టము 14.2 దాటఁగానే రెండవది ‘నిండినది’ అని యెంచి విశ్రమించును. దాని ముల్లు పడును, ఎఱ్ఱ దీపము మినుకుమినుకు మనవచ్చును. అది చెడలేదు. రెండు కాలువలు పోయు చెఱువులో మట్టము హెచ్చినప్పుడు పల్లపు కాలువ పాఱకుండుట వంటిదే యిది. నిశ్చయించుకొనుటకు ఒక ఇంజనును నిలిపి రెండవదానినే నడపి కొలువవలెను. పిదప మార్చి చేయవలెను. ఒంటరిగా నడచినప్పుడు రెండును సరియైన అంకె చూపినచో వానిని విప్పకుఁడు. ఈ పరీక్ష చేయకయే మంచి ఆల్టర్నేటరును పట్టణమునకుఁ బంపి బాగుచేయించినవారు లేకపోలేదు.

ఒక ఆల్టర్నేటరుతో రెండు బ్యాటరీలను నింపుటకు కొందఱు డయోడుల పెట్టె నమర్తురు. అది ఒకవైపు తలుపువంటిది. నీరు ముందుకే గాని వెనుకకుఁ బోదు. అయితే ఆ తలుపు దాటుటకు సుమారు 0.7 వోల్టు సుంకము చెల్లింపవలెను. ఆల్టర్నేటరు తనవద్ద 14.2 చూచి తృప్తిపడఁగా బ్యాటరీకి 13.5 మాత్రమే అందును. ఏనాఁడును బ్యాటరీ నిండదు. సగమాఁకలితో నుండి ఫలకములపై తెల్లని గంధకపు పొర గట్టి, ముసలితనము రాకముందే చచ్చును. రెగ్యులేటరు కొలుచు తీగను బ్యాటరీ కొమ్మునకే తగిలించుటగాని, డయోడులకు బదులు వోల్టేజీని చూచి తనంతట కలియు రిలేను పెట్టుటగాని దీనికి మందు.

ఎర్తు దోషమును గూర్చి కొంచెము విరివిగా వ్రాయుచున్నాము, ఏలయన దీనిని కనిపెట్టువారు తక్కువ. మేమెఱిఁగిన యొక కొయ్యపడవలో కుడి ఇంజను సెల్ఫు నానాఁటికి నీరసించినది. బ్యాటరీ మార్చిరి, నెల కాలేదు, మరల అదే వరుస. సెల్ఫు మోటారు విప్పి బాగుచేయించిరి; ఫలము లేదు. రెండవ బ్యాటరీయు కొనిరి. చివర కొకనాఁడు, సెల్ఫు నొక్కిన పిమ్మట యాక్సిలేటరు కేబులు కాలుచున్నదని సరంగు చెప్పెను. అందఱు నవ్విరి. నిజమునకు రోగమంతయు ఆ మాటలోనే కలదు.

సెల్ఫు మోటారునకు వచ్చిన విద్యుత్తు ఇంజను శరీరము గుండ, ఎర్తు తీగ గుండ, బ్యాటరీకి తిరిగి చేరవలెను. కొయ్యపడవలో ఇంజను రబ్బరు దిమ్మల మీఁదఁ గూర్చుండును గనుక తిరుగుదారి ఆ యొక్క తీగయే. అంతకుముందు వేసవిలో పడవకు రంగు వేసినప్పుడు కుడి ఇంజను మీఁద ఎర్తు బోల్టు చోటునకును రంగు పూసి, దానిమీఁదనే తీగ కొనను బిగించిరి. దారి మూసికొనఁగా విద్యుత్తు వేఱొక దారి వెదకినది: కుడి యాక్సిలేటరు కేబులు ఇనుపచుట్టు వెంట సరంగు యెదుటి ఇనుప పలక నెక్కి, ఎడమ కేబులు వెంట ఎడమ ఇంజనునకు దిగి, దాని ఎర్తు తీగ గుండ ఇల్లు చేరినది. సన్నని కేబులు అంత భారమును మోయలేక కాలినది. ఇంకను కొన్నినాళ్లు ఉపేక్షించిన యెడల నడియేట కేబులు పట్టుకొనిపోయి వేగము తగ్గింప వీలులేకుండెడిది. నిప్పంటుకొనినను ఆశ్చర్యము లేదు. మీటరు ఒక కొనను ఇంజను శరీరమునకు, రెండవదానిని బ్యాటరీ నెగెటివు కొమ్మునకుఁ బెట్టి సెల్ఫు నొక్కఁగా కుడివైపు 3 వోల్టులు, ఎడమవైపు వోల్టులో పదవవంతు చూపెను. గరుకు కాగితముతో రంగు గీకి, క్రొత్త కొన వేసి బిగించుటకు పట్టినది అరగంట. అంతకుముందు వ్యయమైనది రెండు బ్యాటరీలు, ఒక మరమ్మతు, అరటి కోత రోజులలో నాలుగు ప్రయాణములు.

సముద్రము దగ్గఱి పాయలలో ఉప్పునీటి గాలి రాగితీగను లోలోపలనే తినును. పైతొడుగు నిగనిగలాడుచుండఁగా కొన వద్ద నొక అంగుళము చీల్చి చూచిన లోపల నల్లఁబడియో పచ్చబాఱియో యుండును. అట్టిదానిని గీకి లాభము లేదు, మార్చవలసినదే. తగరపు పూత గల తీగ పడవకు శ్రేష్ఠము.

రాత్రి నిండుగానున్న బ్యాటరీ తెల్లవాఱుసరికి దిగియున్నచో ఎవఁడో దొంగతనముగా నీరు పెట్టుకొనుచున్నాఁడని యర్థము. అర ఆంపియరు మాత్రమే కాఱినను దినమునకు 12 ఆంపియరు-గంటలు. నూఱు ఆంపియరు-గంటల బ్యాటరీ నాలుగు దినములలో సగమునకు వచ్చును. అన్ని స్విచ్చులు ఆర్పి, నెగెటివు తీగ విప్పి, నడుమ మీటరును ఆంపియరు స్థానమునఁ బెట్టి, ఒక్కొక్క ఫ్యూజు తీయుచుఁ బోవలెను. ఏ ఫ్యూజు తీసినప్పుడు ముల్లు పడునో దొంగ ఆ శాఖలో నున్నాఁడు. మీటరు అట్లుండఁగా సెల్ఫు నొక్కితిరా, మీటరు మాడును. ఏ ఫ్యూజునకును లొంగకున్నచో ఆల్టర్నేటరును చేతితోఁ దాఁకుఁడు. ఇంజను నిలిపి రాత్రియంతయు గడచినను అది వెచ్చగా నున్నచో దాని డయోడు పగిలినది. ఇంకొక మాట. బ్యాటరీలను మార్చు పెద్ద స్విచ్చి ‘రెండును’ అను స్థానములో విడిచి యింటికిఁ బోయినచో దొంగ రెండు బ్యాటరీలను త్రాగును. రెండు ఇంజనులు ఒక్కనాఁడే లేవకుండుటకు మేము చూచినంతవఱకు ఇదియే ముఖ్యకారణము.

ఆ స్విచ్చిని ఇంజను తిరుగుచుండఁగా ఎన్నఁడును ‘బందు’ వైపు త్రిప్పరాదు. పాఱు కాలువకు తటాలున తలుపు వేసినట్లు మట్టము పైకెగసి ఆల్టర్నేటరు డయోడులు తక్షణమే మాడును. ఇటీవల లిథియము బ్యాటరీలు వచ్చుచున్నవి. తేలికైనవి, దీర్ఘాయువులు, కాని అవి ఎంత ఇచ్చిన అంత త్రాగును గనుక నెమ్మదిగాఁ దిరుగు ఇంజను మీఁది ఆల్టర్నేటరు వేఁడెక్కి మాడును. అపాయమని తోఁచినప్పుడు అవి తమంతట తాము తెగిపోవుటయుఁ గలదు. అప్పుడును డయోడులకు అదే గతి. తగిన రెగ్యులేటరు లేక పాత ఏర్పాటులోనికి వానిని దించుట మాకు సమ్మతము కాదు.

సీసపు బ్యాటరీ నిండునప్పుడు ఉదజని వాయువు వెలువడును. గాలిలో నూటికి నాలుగు పాళ్లున్నను నిప్పురవ్వకు ప్రేలును. కావున పెట్టెకు గాలి యాడవలెను. బీడీ, చుట్ట దూరముగా నుండవలెను. విప్పునప్పుడు నెగెటివు తీగ మొదట, బిగించునప్పుడు అది కడపట. స్పానరు ఇంజనునకుఁ దగిలినను రవ్వ లేవకుండుటకే ఈ వరుస. యాసిడు కంటఁ బడినచో ఆలసింపక మంచినీటితోఁ గడుగుచు వైద్యునికడకుఁ బోవలెను.

పడవలో ఒక పుస్తకముంచి, నెలకొకమాటు రెండు ప్రక్కల అంకెలు, విశ్రాంతిలో, సెల్ఫు నొక్కినప్పుడు, నిండునప్పుడు, వ్రాసికొనుచుఁ బోవలెను. జూన్ మాసము దాటకముందే ఒకమాఱు సంపూర్ణ పరీక్ష జరుగవలెను.

అయినను నడియేట ఒక బ్యాటరీ చచ్చెననుకొందము. తిరుగుచున్న ఇంజనును నిలుపరాదు. పంపునకు, హారనునకు తప్ప ఇతరములకు విద్యుత్తు బందు చేయవలెను. కలుపు స్విచ్చి యున్నచో దానిని వేసి రెండవ ఇంజనును లేపవచ్చును. లేనిచో లావు తీగతో పాజిటివునకు పాజిటివు కలిపి, నెగెటివు తీగ కడపటి కొనను చచ్చిన బ్యాటరీకి కాక, దానికి దూరముగా ఆ ఇంజను ఇనుముమీఁద రంగులేని చోటఁ బెట్టవలెను. ఇంజను లేచిన పిమ్మట పెట్టిన వరుసకు విలోమముగాఁ దీయవలెను. ఆ తీగ పడవలో నెల్లప్పుడు ఉండవలసినదే గాని రేవులోని కొట్టునందు కాదు.